నడుస్తూ జవాబు చెప్పగలిగేలా: పక్షవాతం, పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి ఇంట్లో డ్యూయల్ టాస్క్ సాధన

హాల్లోంచి వంటింటికి పదకొండు అడుగులు. పార్కిన్సన్స్ వచ్చి నాలుగేళ్ళయిన లెక్కల మాష్టారు ఒకరు ఆ పదకొండు అడుగులూ నా ముందు చక్కగానే వేసేవారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నంతసేపే. ఒకరోజు ఆయన నడుస్తుండగా వంటింట్లోంచి అమ్మగారు, "ఏవండీ, పాలవాడికి డబ్బులిచ్చారా?" అని కేకేశారు. మాష్టారు గడప ముందు ఆగిపోయారు. కుడికాలి మడమ లేచింది, వేళ్ళు మాత్రం నేలకి అతుక్కుపోయాయి. జవాబు చెప్పడానికి నోరు తెరిచారు, ఒళ్ళు ముందుకి వాలింది. నా చెయ్యి ఆయన నడుం బెల్టు మీద ఉంది కాబట్టి సరిపోయింది.

"నడక బాగానే ఉందండీ, మరి ఎందుకు పడిపోతున్నారో అర్థం కావట్లేదు" అని ఇంటివాళ్ళు అంటుంటారు. ఫిజియోథెరపిస్టుగా ఇళ్ళకి వెళ్ళి చేయించడం మొదలుపెట్టాక నాకు తెలిసిందేమిటంటే, మనం క్లినిక్కులో చూసేది ఒట్టి నడకని. వాళ్ళు రోజూ నడిచేది మాత్రం మాటల మధ్య, ఫోను మోగుతుండగా, చేతిలో మంచినీళ్ళ గ్లాసుతో, కాళ్ళకి అడ్డంపడే మనవడితో. అందుకే నడకతో పాటు ఇంకో పనిని కలిపి, కొలిచి, కొంచెం కొంచెంగా సాధన చేయించాలి. దీన్నే మా వృత్తిలో డ్యూయల్ టాస్క్ ట్రైనింగ్ అంటాం. దీన్ని ఇంట్లో, ఫిజియో సలహాతో, ఎలా చేయించాలో వరసగా చెబుతాను.

ముందు ఇది ఎందుకు జరుగుతుందో

1997లో స్వీడన్‌లోని ఊమియో పరిశోధకులు చాలా సాదా పరీక్ష ఒకటి చేసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. వృద్ధుల వసతి గృహంలో ఉండే 58 మందితో కలిసి నడుస్తూ మాట కలిపారు. 12 మంది మాట్లాడటానికి నడక ఆపేశారు. తర్వాతి ఆరు నెలల్లో ఆ 12 మందిలో 10 మంది పడిపోయారు. పరికరం లేదు, యంత్రం లేదు, పక్కన నడుస్తూ ఒక కబురు అడగడమే పరీక్ష.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు నడక మన ధ్యాసని పెద్దగా అడగదు. అలవాటైన కదలికల్ని నడిపించే పనిలో మెదడు లోపలి బేసల్ గాంగ్లియాది పెద్ద పాత్ర. పార్కిన్సన్స్‌లో డోపమైన్ అనే మెదడు రసాయనం తగ్గి ఆ అలవాటు దారి దెబ్బతింటుంది. అప్పుడు మనిషి ప్రతి అడుగునీ తలుచుకుని వెయ్యాలి. పక్షవాతంలో కారణం కొంచెం వేరు. బలం తగ్గిన కాలు నేలకి రాసుకోకుండా ఎత్తడానికే మనసు పెట్టాలి. పైగా కొందరిలో ధ్యాసని నిలిపే భాగాలకే రక్తం అందక దెబ్బ తగిలి ఉంటుంది. ఎలాగైనా సరే, ధ్యాస అంతా కాళ్ళ దగ్గరుండగా ఎవరో ప్రశ్న వేస్తే అది కాళ్ళని వదిలి ప్రశ్న దగ్గరికి పోతుంది.

మన అష్టావధానంలో ఒకరు గంట కొడుతూ ఉంటారు, ఎన్నిసార్లు మోగిందో అవధాని లెక్క పెట్టుకోవాలి. ఇంకొకరు సంబంధం లేని ప్రశ్నలతో ఏకాగ్రత చెదరగొడతారు. అవధానం అంటే అర్థమే ధ్యాస. ఆ గంటనీ, ఆ అప్రస్తుత ప్రసంగాన్నీ కింద మన సాధనలో వాడుకోబోతున్నాం. మనకి కావలసింది రెండు పనుల అవధానం, అందులో ఒకటి నడక.

ఎవరు మొదలుపెట్టవచ్చు, ఎవరు ఆగాలి

ఒట్టి నడక నిలబడకుండా దీని జోలికి రావద్దు. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన షరతు, అందరూ తొందరపడి దాటేసేదీ ఇదే. చేతికర్రతోనో వాకర్‌తోనో అయినా ఫర్వాలేదు, ఇంకొకరు పట్టుకోకుండా పది మీటర్లు నడవగలగాలి. రెండు మాటల సూచన, అంటే "ఆ గుమ్మం దాకా వెళ్ళి, తిరిగి రండి" లాంటిది, అర్థమవ్వాలి. కుర్చీలోంచి సొంతంగా లేవగలగాలి.

లేవగానే కళ్ళు తిరుగుతున్నా, ఈమధ్యే పడి ఇంకా డాక్టరుకి చూపించకపోయినా, పక్షవాతం వచ్చి ఇంకా పరిస్థితి కుదుటపడని రోజులైనా ఆగండి. ఒంటికాలి మీద కాసేపైనా నిలవలేనివాళ్ళకి ముందు బలం, బ్యాలెన్స్ వ్యాయామాలు కావాలి. వాళ్ళకి కూర్చునే డ్యూయల్ టాస్క్ చేయించవచ్చు, అది కింద చెబుతాను.

పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి వేళ చూసుకోవడం సగం పని. ఆ జబ్బుకి వాడే లెవోడోపా మాత్ర బాగా పట్టి, ఒళ్ళు తేలిగ్గా కదిలే సమయం ఏదో ఇంట్లోవాళ్ళకి తెలుస్తుంది. మూడు రోజులు ఒక కాగితం మీద రాయండి: మాత్ర ఎన్నింటికి, కాళ్ళు ఎన్నింటికి వదిలాయి, మళ్ళీ ఎన్నింటికి బిగుసుకున్నాయి. ఆ బాగున్న గంటలోనే సాధన. మందు దిగిపోయే వేళలో చేయిస్తే ఆయనకి మిగిలేది భయం ఒక్కటే.

చోటు, బట్టలు, పట్టు

ఆరు మీటర్ల దారి చాలు. హాలూ వరండా కలిస్తే చాలా ఇళ్ళల్లో దొరుకుతుంది. డోర్‌మ్యాట్లు, చాపలు తీసెయ్యండి. ఫ్యాను వైరు, ఫోను చార్జరు వైరు నేల మీద ఉండకూడదు. టీపాయి పక్కకి జరపండి. హవాయి చెప్పులు వద్దు, మడమ దగ్గర పట్టుండే చెప్పులో బూట్లో వేసుకోవాలి. లుంగీ అయితే పైకి కట్టాలి, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి దోపుకోవాలి. దారి మధ్యలో ఒకచోట, చివర ఒకచోట చేతులున్న గట్టి కుర్చీలు పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీ జారిపోతుంది, నమ్మొద్దు.

పక్కన నడిచే మనిషి బలహీనమైన వైపున, అర అడుగు వెనకగా ఉండాలి. పట్టుకోవలసింది చెయ్యి కాదు, నడుముకి కట్టిన వెడల్పాటి బెల్టు. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని లాగితే భుజం కీలు దెబ్బతింటుంది. అది నెలల తరబడి నొప్పి పెడుతుంది. పక్కన నడిచే మనిషే ప్రశ్నలు కూడా వేస్తే ఆ మనిషి ధ్యాసా చెదురుతుంది. వీలైతే ప్రశ్నలు వేయడానికి ఇంకొకరుండాలి. మనవలకి ఈ ఉద్యోగం చాలా ఇష్టం.

కొలత లేకుండా మొదలుపెట్టకండి

మూడు కొలతలు కావాలి. అన్నిటికీ ఫోనులో స్టాప్‌వాచ్ చాలు.

ఒకటి, నడక ఒక్కటే. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి. మూడు మీటర్ల దూరంలో నేల మీద రంగు టేపు అంటించండి. "లేవండి" అనగానే లేచి, మామూలు వేగంతో టేపు దాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. లేవమన్న క్షణం నుంచి వీపు కుర్చీకి ఆనేదాకా ఎన్ని సెకన్లో రాయండి. ఇదే ప్రపంచమంతా వాడే టైమ్డ్ అప్ అండ్ గో పరీక్ష. ఒకసారి ఊరికే చేయించి, రెండోసారి చేసింది రాసుకోండి.

రెండు, మనసు పని ఒక్కటే. కూర్చున్నచోటే, 90 నుంచి మూడేసి తీసేస్తూ చెప్పమనండి: 87, 84, 81. ఇరవై సెకన్లలో ఎన్ని సరైన జవాబులొచ్చాయో రాయండి. ఈ రెండో కొలతని దాదాపు అందరూ వదిలేస్తారు. కూర్చుని ఎంత చెప్పగలరో తెలియకపోతే, నడుస్తూ ఎంత కోల్పోయారో మీకెలా తెలుస్తుంది?

మూడు, రెండూ కలిపి. ఈసారి 100 నుంచి తీసివేతలు చెబుతూ నడవమనండి.

మాష్టారి కాగితం మీద అంకెలు ఇలా ఉన్నాయి. ఒట్టి నడక 16 సెకన్లు. లెక్కతో నడక 20 సెకన్లు. అంటే నాలుగు సెకన్లు ఎక్కువ, 16లో నాలుగంటే 25 శాతం నష్టం. కూర్చుని 20 సెకన్లలో 10 జవాబులు చెప్పారు, నడుస్తూ అదే 20 సెకన్లలో 6. అక్కడ నష్టం 40 శాతం. ఈ రెండు శాతాలే మీ తూకం. ఆరు వారాల తర్వాత మళ్ళీ ఇవే తీస్తారు.

ఇప్పుడు ఏది ఎక్కువ పడిపోయిందో చూడండి. నడక నిలబడి జవాబులు తగ్గితే మంచిదే, ఒళ్ళు తనని తాను కాపాడుకుంటోంది. జవాబులు టకటకా వస్తూ నడక చెడిపోతే అది ప్రమాదం. పార్కిన్సన్స్‌లో ఇది తరచుగా కనిపిస్తుంది. అడిగినదానికి బదులు చెప్పాలన్న మర్యాద కాళ్ళని మింగేస్తుంది. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి ఇది మరీ ఎక్కువని నా అనుభవం. పిలిస్తే పలక్కపోవడం వాళ్ళకి తప్పుగా తోస్తుంది. రెండూ పడిపోతే పని మరీ కష్టమైందని అర్థం, ఒక మెట్టు దిగండి.

2000లో అమెరికాలో షమ్‌వే కుక్, బ్రావర్, వూలకాట్ అనే పరిశోధకులు సొంతంగా తిరిగే వృద్ధుల మీద చేసిన పరీక్షలో, పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళని గుర్తించే గీత ఒట్టి నడకకి 13.5 సెకన్లు, నీళ్ళ గ్లాసుతో 14.5, తీసివేతలతో 15 సెకన్లు. అవి నాడీజబ్బు లేని వృద్ధుల లెక్కలు, మీ ఇంట్లోవాళ్ళ అంకె దాటితే కంగారు పడొద్దు. మీరు పోల్చుకోవలసింది ఆ మనిషి పాత అంకెతోనే.

రెండో పనిని ఎంచుకోవడం

ఈ సాధన నిలిచేదీ విసుగు పుట్టేదీ ఇక్కడే. పుస్తకాల్లో ఉండే పనులు మన పెద్దవాళ్ళకి చిన్నపిల్లల పరీక్షలా అనిపిస్తాయి. మనిషి బతుకులోంచి పనిని తీయాలి.

ఒక చిక్కు ముందే చెబుతాను. కంఠతా వచ్చిన స్తోత్రమో పద్యమో చదువుతూ నడవడం డ్యూయల్ టాస్క్ కాదు. నోరు దాని దారిన అది నడుస్తుంది, మనసు ఖాళీగానే ఉంటుంది. రోజూ సహస్రనామం చదువుకునే ఒక పెద్దావిడ అది చదువుతూ నడిస్తే నడక ఇంకా బాగుండేది, లయ దొరికినట్టు. ఒళ్ళు వేడెక్కడానికి అది మంచిది. సాధన కోసం మాత్రం మనసు వెతుక్కోవలసిన పని కావాలి. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం అని చెప్పడం తేలిక. ఫాల్గుణం, మాఘం, పుష్యం, మార్గశిరం అని వెనక్కి రమ్మంటే అప్పుడు నుదురు ముడిపడుతుంది. అదీ మనకి కావలసింది.

తేలిక నుంచి కష్టానికి నేను వాడే వరస దాదాపు ఇది.

మొదట వినే పని. స్టీలు కంచం మీద చెంచాతో కొట్టండి, ఎన్ని మోతలో నడక పూర్తయ్యాక చెప్పాలి. ఇది మన ఘంటాగణనమే. నోరు కదపనక్కర్లేదు కాబట్టి తేలిక. అలవాటయ్యాక కంచం మీద కొన్ని, చెక్క మీద కొన్ని కొట్టి, కంచం మోతలే లెక్కపెట్టమనండి.

తర్వాత మాటలు వెతికే పని. కూరగాయల పేర్లు, ఊళ్ళోని వీధుల పేర్లు, పెళ్ళికి వచ్చిన చుట్టాల పేర్లు. రైల్వేలో పనిచేసిన ఒకాయనకి విజయవాడ నుంచి విశాఖ దాకా స్టేషన్లు ఇచ్చాను. ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు, రాజమండ్రి అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశారు, నడక చెక్కు చెదరలేదు. ఆయనకది కంఠతా. విశాఖ నుంచి వెనక్కి రండి, ఒక స్టేషను విడిచి ఒకటి చెప్పండి అన్నాక అనకాపల్లి దగ్గరే అడుగు చిన్నదైంది. ఆయనకి సరైన పని అదని అప్పుడు తెలిసింది.

ఆపైన లెక్కలు. మూడేసి తీసివేత నచ్చకపోతే బజారు లెక్క ఇవ్వండి: ఐదొందల నోటిస్తే, వంకాయలు నలభై, పాలు అరవై ఆరు, చిల్లరెంత? తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి లెక్క తెలుగులోనే అడగండి. ఇంగ్లీషు అంకెల్ని తెలుగులోకి మార్చుకోవడం మూడో పని అవుతుంది.

చేతి పనులు వేరే వరస. ఒక జేబులోని తాళాల గుత్తి తీసి రెండో జేబులో వేసుకోవడం, తువ్వాలు మడతపెట్టడం, సగం నీళ్ళున్న గ్లాసు మొయ్యడం, తర్వాత నిండు గ్లాసు, ఆ తర్వాత పళ్ళెంలో గ్లాసు. వేడి కాఫీ ఎప్పటికీ వద్దు. వాకర్ వాడేవాళ్ళకి చేతులు ఖాళీ ఉండవు, మనసు పనులే ఇవ్వండి.

చివరగా అప్రస్తుతం. ఎప్పుడు వస్తుందో తెలియని ప్రశ్న. మనవడు తలుపు చాటునుంచి, "తాతా, రేపు ఏ వారం?" అని అడుగుతాడు. ముందే తెలిసిన పనికన్నా ఇది చాలా కష్టం. బయట ప్రపంచం ఇలాగే ఉంటుంది కాబట్టి ఇక్కడిదాకా రావాలి, కానీ నాలుగో వారానికి ముందు వద్దు.

ఏం చెప్పి నడిపించాలి

"నడుస్తూ లెక్క చెప్పండి" అంటే చాలదు. ధ్యాస ఎక్కడ పెట్టాలో చెప్పాలి. ఒక విడత "ఈసారి అడుగు మీద మనసు పెట్టండి, లెక్క తప్పినా ఫర్వాలేదు" అని, తర్వాతి విడత "ఈసారి లెక్క ముఖ్యం, నిదానంగా నడవండి" అని. ఇలా ధ్యాసని మార్చి మార్చి పెట్టడం నేర్పితే, ఎప్పుడూ రెండిటినీ సమానంగా చూసుకోమనడం కన్నా బాగా పనిచేస్తుందని సిల్సుపడోల్ బృందం బ్యాలెన్స్ తగ్గిన వృద్ధుల మీద చేసిన పరీక్షలో 2009లో తేలింది. మీరు నేర్పుతున్నది ధ్యాసని ఒకచోటునుంచి తీసి ఇంకోచోట పెట్టే ఒడుపు.

పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి మొదటి రెండు వారాలూ "అడుగు పెద్దగా" అన్న మాటకే పెద్దపీట. పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ళని లెక్క మీద మనసు పెట్టమనే విడతలో బెల్టు పట్టుకునే మనిషి తప్పనిసరి.

ఆరు వారాలు

వారానికి మూడు నాలుగు రోజులు, రోజుకి ముప్పై నలభై నిమిషాలు, అందులో విశ్రాంతి కూడా కలిపి. నడక ఒక్కో విడత ఒకటి రెండు నిమిషాలు మించొద్దు, మధ్యలో కూర్చోవాలి.

మొదటి వారం కూర్చునీ నిలబడీ. కూర్చుని కాళ్ళు ఒకటి మార్చి ఒకటి ఎత్తుతూ కూరగాయల పేర్లు. గోడ దగ్గర నిలబడి బరువు ఆ కాలి మీదికీ ఈ కాలి మీదికీ మారుస్తూ కంచం మోతల లెక్క. నడక విడిగా, మాట్లాడకుండా.

రెండో వారం తిన్నని దారిలో నడకతో పాటు వినే పని ఒక్కటే. మూడో వారం మాటలు వెతికే పని, మరో రోజు తాళాల గుత్తి. రెండూ ఒకేరోజు వద్దు. నాలుగో వారం లెక్కలు, నీళ్ళ గ్లాసు, మధ్యమధ్య అప్రస్తుతం. ఐదో వారం దారిలో చిన్న మార్పులు: రెండు కుర్చీల మధ్యనుంచి వెళ్ళడం, నేల మీద పెట్టిన పుస్తకాన్ని దాటడం, తలతిప్పి గోడ మీది క్యాలెండరు చూసి తేదీ చెప్పడం. ఆరో వారం ఇంటి బయట, అపార్టుమెంటు వరండాలోనో, మనుషులు తక్కువున్న వేళ గుడి ఆవరణలోనో.

ఏ రోజైనా మార్చేది ఒక్కదాన్నే. పని కష్టమైతే దారి తేలిక, దారి కష్టమైతే పని తేలిక. జవాబుల్లో పదింట ఏడెనిమిది సరిగా వస్తూ, నడక కొంచెమే నిదానించే చోట ఉంచండి. పదికి పదీ వస్తే పని తేలికైంది. సగం కూడా రాకపోతే దిగండి.

ఈ నియమాన్ని నేను నేర్చుకున్నది ఒక తప్పు చేశాకే. ఎడమవైపు పక్షవాతం వచ్చిన ఒకావిడ బాగా కోలుకుంటున్నారన్న ఉత్సాహంలో, ఒకేరోజు చేతికి నిండు గ్లాసిచ్చి, కూరగాయలు చెప్పమని, గుమ్మం దగ్గర తిరిగి రమ్మన్నాను. కుడి మెదడు దెబ్బతిన్న కొందరికి ఎడమవైపు ఉన్నవి కళ్ళముందున్నా మనసుకి తెలియవు. ఆవిడ ఎడమపాదం టీపాయి కాలికి తగులుకుంది. పట్టుకున్నాను, దెబ్బ తగల్లేదు. కానీ తర్వాత ఎనిమిది రోజులు ఆవిడ మంచం దిగి నడవనన్నారు. పడకపోయినా పడతానన్న భయం కాళ్ళని కట్టేస్తుంది. ఆ ఎనిమిది రోజులూ నేను తెచ్చిపెట్టినవి.

మరీ భయపడే మనిషి అయితే ఇంకో దారి ఉంది. బెల్జియం, నెదర్లాండ్స్‌లలో 121 మంది పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళతో డ్యూయాలిటీ అనే పరీక్ష చేసి 2017లో ఫలితాలు చెప్పారు. కొందరికి నడకా మనసు పనీ కలిపి, మిగతావాళ్ళకి అవే పనులు విడివిడిగా, ఆరు వారాలు ఇళ్ళల్లో చేయించారు. రెండు గుంపుల్లోనూ మాట్లాడుతూ నడిచే వేగం దాదాపు ఒకేలా మెరుగైంది, సాధన ఆపిన 12 వారాల తర్వాత కూడా నిలిచింది. పడిపోవడాలు పెరగలేదు. అందుకని భయస్తులకి కూర్చుని లెక్కలు, నిశ్శబ్దంగా నడక అని విడిగా చేయించినా కాలం వృథా కాదు. కొన్ని వారాలకి వాళ్ళే కలుపుతామంటారు.

కాళ్ళు అతుక్కుపోతే

పార్కిన్సన్స్‌లో మలుపు దగ్గర, గడప దగ్గర, ఇరుకు చోట కాళ్ళు నేలకి అంటుకుపోతాయి. సాధన మధ్యలో అలా అయితే రెండో పనిని వెంటనే ఆపెయ్యండి. ఇంటివాళ్ళు కంగారులో "నడవండి, నడవండి" అంటారు, లాగుతారు. ఆ మాటే ఇంకో భారం. అందరూ ఊరుకోవాలి. ఆయన ఆగి, నిటారుగా నిలబడి, బరువు ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి మార్చి, "ఒకటి, రెండు" అనుకుని పెద్ద అడుగు వెయ్యాలి. గడపకి ముందు నేల మీద అడ్డంగా రంగు టేపు అంటిస్తే దాన్ని దాటుతున్నట్టు కాలు లేస్తుంది. తిరిగేటప్పుడు ఒక్క కాలి మీద గిర్రున తిరగకుండా, అర్ధచంద్రంలా నాలుగైదు అడుగుల్లో తిరగాలి.

మాష్టారు ఐదో వారానికి హాలు మధ్యలో నడుస్తూ భార్యకి జవాబు చెప్పగలిగారు. గడప దగ్గర మాత్రం ఆగుతూనే ఉన్నారు. దాన్ని సాధనతో గెలవాలని నేను పట్టుపట్టలేదు. ఆయనకీ అమ్మగారికీ ఒక ఒప్పందం కుదిర్చాను: ఆయన గడప దాటి రెండడుగులు వేసేదాకా ఆవిడ ఏమీ అడగరు, అడిగినా ఆయన పలకరు. పలక్కపోవడం తప్పు కాదని ఆయనకి నచ్చజెప్పడానికి రెండు వారాలు పట్టింది.

ఒక్కో జబ్బుకి ఒక్కో జాగ్రత్త

పక్షవాతంతో మాట పోయినవాళ్ళకి మాటల పనులు ఇవ్వకండి. అది వాళ్ళ గాయాన్ని గెలకడమే. కంచం మోగినప్పుడల్లా బాగున్న చెయ్యెత్తడం, ఎర్ర గుడ్డ చూపినప్పుడు ఆగి పచ్చగుడ్డకి నడవడం, బొమ్మ చూపిస్తే వంటింటి వస్తువో కాదో తల ఊపి చెప్పడం చాలు. ఎడమవైపు ధ్యాస లేనివాళ్ళకి గోడ మీద ఎడమవైపున అంకెలు అంటించి, నడుస్తూ వాటిని చదవమనండి. దారి మాత్రం పూర్తిగా ఖాళీగా ఉండాలి. చెయ్యి పడిపోయినవాళ్ళకి గ్లాసు బాగున్న చేతికే, అదీ ఆ చేతిలో కర్ర లేనప్పుడే.

మల్టిపుల్ స్క్లీరోసిస్ (నరాల మీది పొర దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్ళు త్వరగా అలిసిపోతారు, వేడికి ఇంకా ఎక్కువ. మన ఎండాకాలంలో తెల్లవారుజామునే, పది నిమిషాల ముక్కలుగా చేయించండి. తలకి దెబ్బ తగిలినవాళ్ళకి చిరాకు త్వరగా వస్తుంది, చప్పుడు లేని గదిలో మొదలుపెట్టాలి.

పనిచేస్తుందా అని అడిగేవాళ్ళకి

రెండు పనులతో నడిచే వేగం, అడుగు పొడవు మెరుగవుతాయన్నది గట్టిగా చెప్పగలను. పడిపోవడాలు తగ్గించాలంటే నడకతో పాటు అడ్డంకుల్ని చూసి తేల్చుకునే సాధన కూడా ఉండాలని వీ-టైమ్ పరీక్ష సూచిస్తోంది. 2016లో లాన్సెట్‌లో వచ్చిన ఆ పరీక్షలో, తరచూ పడిపోయే 302 మందిని ఐదు దేశాల్లో తీసుకున్నారు, వాళ్ళల్లో పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళు చాలామంది. కొందరు ట్రెడ్‌మిల్ మీద ఒట్టిగా నడిచారు, మిగతావాళ్ళు ఎదురుగా తెర మీద గుంటలూ అడ్డంకులూ దారులూ చూసి దాటుతూ నడిచారు. వారానికి మూడుసార్లు, ఆరు వారాలు. తెరతో నడిచినవాళ్ళలో ఆరు నెలల్లో పడిపోవడాలు సగటున 11.9 నుంచి 6కి దిగాయి. ఒట్టి ట్రెడ్‌మిల్ గుంపులో అంత తగ్గలేదు. మనింట్లో ఆ తెర ఉండదు. ఐదో వారంలో కుర్చీలూ పుస్తకాలూ పెట్టమన్నది అందుకే.

ఎప్పుడు ఆపాలి, ఏవి ఎప్పటికీ కలపకూడదు

గుండెలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే ఆ రోజుకి ఆపి డాక్టరుకి చెప్పండి. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యో కాలో ఉన్నట్టుండి చచ్చుబడటం కొత్తగా కనిపిస్తే నిమిషం ఆలస్యం లేకుండా 108కి ఫోన్ చెయ్యండి. వరసగా రెండు రోజులు తూలితే ఫిజియోకి చూపించేదాకా రెండో పని మానేసి నడక ఒక్కటే చేయించండి.

ఆరు వారాలయ్యాక అదే కుర్చీ, అదే టేపు, మాత్ర వేసుకున్నాక అదే గంటలో మళ్ళీ మూడు కొలతలు తియ్యండి. తర్వాత వారానికి రెండుసార్లయినా కొనసాగాలి.

ఎంత బాగా నేర్చుకున్నా కొన్నిచోట్ల ఒక్క పనే. మెట్లెక్కేటప్పుడు, దిగేటప్పుడు ఎవరూ మాట కలపకూడదు. తడిసిన బాత్రూంలో పిలవకూడదు, తలుపు బయట నిలబడి ఆయన వచ్చేదాకా ఆగాలి. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టుకున్నా సరే కబుర్లు వద్దు. నడుస్తుండగా ఫోను మోగితే ముందు ఆగి, గోడనో కుర్చీనో పట్టుకుని, అప్పుడు తియ్యాలి. మోగి ఆగిపోతే పోనివ్వండి, చేసినవాళ్ళే మళ్ళీ చేస్తారు. ఈ మాట ఆయనకి చెబితే చాలదు. రోజూ ఫోన్ చేసే పిల్లలకి, ముఖ్యంగా వేరే ఊళ్ళోనో వేరే దేశంలోనో ఉండి "నాన్నా, ఎందుకు తియ్యలేదు?" అని కంగారుపడే కొడుక్కీ కూతురికీ ముందే చెప్పి ఉంచండి.